మైకు లేని నాటకం

మేము ఇటలీ వెళ్లింది నాటకం చూడటానికి. ఈ మాట చెబితే నల్లపాడులో మా పక్కింటి పిన్నిగారు నమ్మలేదు. "అంత దూరం పోయి నాటకమా? తిరునాళ్లప్పుడు మన దగ్గర ఊరికే వేస్తారుగా" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. చాలా వాటికి నేను నవ్వి ఊరుకుంటాను.

ఈ ప్రయాణం మా వదిన చలవ. మా వారి అక్క సునంద మ్యూనిక్‌లో నర్సు. పోయినేడాది మా పెళ్లికి సెలవు దొరక్క రాలేకపోయింది. ఆ లోటు తీర్చడానికి మా ఇద్దరికీ విమానం టిక్కెట్లు పంపి, "నా కారు ఇస్తాను, వారం రోజులు తిరగండి. ఏం చూడాలనుందో చెప్పండి" అని ఫోన్ చేసింది. మా వారు సుధీర్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "నాటకం" అన్నారు. ఆయన పెదనాన్న దర్శి వైపు పల్లెల్లో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారట. చిన్నప్పుడు ఈయన ఆ పెట్టె పక్కనే పడుకుని నిద్రపోయేవారట. నేను పుస్తకాల్లో చదివిన ఆపెరా సంగతి చెప్పాను. మాటలుండవు, అంతా పాటే, ఇటలీలో వెరోనా అనే ఊళ్లో వేసవిలో ఆరుబయట ఆడతారు అని. వదిన శుక్రవారం ఆటకు రెండు టిక్కెట్లు కొంది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మా వారికి సరిగా వినబడదు. పదకొండేళ్లుగా పత్తి జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు. ఆ యంత్రాల మోత రెండు చెవులనూ కొద్దికొద్దిగా తినేసింది. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే అర్థమవుతుంది. వెనక నుంచి పిలిస్తే తెలియదు. గుంటూరులో డాక్టరు పరీక్ష చేసి చెవి మిషన్లు ఇప్పించారు. చిక్కుడు గింజంత ఉంటాయి, చెవి వెనక పెట్టుకోవాలి. మొదటి రోజు మిల్లుకు పెట్టుకుని వెళితే పత్తి బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గర పనిచేసే ఆయన స్నేహితుడు, "ఏరా సుధీరూ, చెవిలో రేడియో పెట్టించుకున్నావా? వార్తలేంటి?" అన్నాడట. రెండో రోజు మిల్లంతా వార్తలడిగారు. మూడో రోజు నుంచి ఆ మిషన్ల డబ్బా బీరువాలో ఉండిపోయింది. సూట్‌కేసు సర్దేటప్పుడు "అది అక్కర్లేదు" అన్నారు. సరేనని, నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

మ్యూనిక్

మేము దిగింది ఆదివారం. వదిన ఇల్లు మూడో అంతస్తులో, ఒక గది, దానికి తగిలించినట్టు చిన్న వంటిల్లు. మేము తెచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత తీసి వదిన చాలాసేపు వాసన చూసింది. తరువాత అన్నం తింటూ అక్కాతమ్ముళ్లు మాట్లాడుకున్నారు. వినబడని మనిషి తనకు తెలియకుండానే గట్టిగా మాట్లాడతాడు, ఆయనతో మాట్లాడేవాళ్లూ గట్టిగానే మాట్లాడతారు. పావుగంటకల్లా కింది అంతస్తు నుంచి ఎవరో వచ్చి తలుపు తట్టారు. ఒక ముసలాయన, ఇస్త్రీ చొక్కా, చాలా మర్యాదగా ఏదో చెప్పి వెళ్లాడు.

"ఏమంటాడే?" అన్నారు మా వారు.

"ఆదివారం ఇక్కడ చప్పుడు చెయ్యకూడదురా. బట్టలుతికే మిషను కూడా వెయ్యరు. మీరు కొట్టుకుంటున్నారేమో, పోలీసుల్ని పిలవమంటావా అని అడిగాడు."

"అన్నం తింటున్నాంగా!"

"అదే చెప్పా. నమ్మలేదు."

మావైపు ఆదివారం చర్చిలో నాలుగు డబ్బాల మైకు లేకపోతే ప్రార్థన జరిగినట్టే ఉండదు. ఇక్కడ ఆదివారం అంటే ఊరంతా నోరు మూసుకుని కూర్చోవడం.

ఆయన స్నానానికి వెళ్లాక వంటింట్లో వదిన నన్ను అడిగింది. "కరుణా, వాడికి ఎప్పట్నుంచి వినబడట్లేదు?"

"పెళ్లికి ముందు నుంచేననుకుంటా వదినా."

"మిషన్లు?"

"ఇచ్చారు. పెట్టుకోరు. నా బ్యాగులో ఉన్నాయి. నేను తెచ్చినట్టు ఆయనకు తెలియదు."

వదిన కడుగుతున్న గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. "ముందే చెప్పొద్దూ నాకు! అక్కడ మైకులుండవమ్మాయ్."

"ఆరుబయట కదా?"

"ఆరుబయటే. వేలమంది కూర్చుంటారు. అయినా మైకుండదు. ఉత్త గొంతు. అదే వాళ్ల గొప్ప."

ఆరుబయట ఆట అంటే మాకు మైకు సెట్టే. కొబ్బరిచెట్టుకు కట్టిన బాకాల్లోంచి పద్యం పక్క ఊరికి వినబడాలి. మా వారు ఈ ప్రయాణానికి అంత సంబరపడటానికి కారణం అదేనని నాకు అప్పుడు తెలిసింది. మామూలు మాట వినబడని మనిషి, రెండేళ్లుగా ఏ సభకూ వెళ్లని మనిషి, "వేలమందికి పెట్టే మైకంటే ఇల్లంత ఉంటుంది, నాకెందుకు వినబడదు" అని లెక్క వేసుకున్నారు. టిక్కెట్టు అడిగించినదాన్ని నేను. నాకూ ఆ అనుమానం రాలేదు.

"వాడికి నువ్వే చెప్పు" అంది వదిన. "నేను చెబితే టిక్కెట్లు చింపుతాడు. చిన్నప్పట్నుంచీ అంతే."

సరేనన్నాను. శుక్రవారానికి ఇంకా ఐదు రోజులుంది.

ఇన్స్‌బ్రుక్ దారిలో

ఇక్కడ కారులో డ్రైవరు ఎడమ వైపు కూర్చుంటాడు, బండి రోడ్డుకు కుడి పక్కన నడుస్తుంది. మొదటి గంట ఆయన మలుపు తిరగాల్సినప్పుడల్లా సిగ్నలు వెయ్యబోయి అద్దం తుడిచే పుల్లలు ఆడించారు. ఎండలో అద్దం తుడుచుకుంటూ పోతున్న మమ్మల్ని చూసి పక్క కారులో పిల్లలు చేతులూపారు.

జర్మనీ, ఆస్ట్రియా సరిహద్దు ఎక్కడ దాటామో నాకు తెలియలేదు. గుంటూరు జిల్లా దాటి ప్రకాశం జిల్లాలోకి వెళితే కనీసం స్వాగతం బోర్డయినా గట్టిగా కనబడుతుంది. ఇక్కడ చిన్న నీలం పలక, అంతే. కొండలు మాత్రం పెరిగాయి. ఆగస్టు నెలలో వాటి నెత్తిన మంచు. మిరప కల్లాల్లో టార్పాలిన్లు పరిచినట్టు అక్కడక్కడా తెల్లటి ముక్కలు.

ఆయన మాత్రం కొండలు చూడటం లేదు. చెవుల సంగతి చూసుకుంటున్నారు. "గంట నుంచి ఒక్క హారను లేదు, చూశావా? మనూళ్లో అయితే నా వెనకాల లారీవాడు ఇప్పటికి మా వంశాన్నంతా తలుచుకునేవాడు."

ఆయనకు ఈ దేశం ఎందుకు నచ్చిందో నాకు అర్థమైంది. గుంటూరులో బండి నడపడమంటే సగం చెవుల పని. ఇక్కడ అంతా కళ్ల పనే. పైగా ఇక్కడి భాష మా ఇద్దరికీ రాదు. కొట్టువాడు ఏదో అంటాడు, మాకు అర్థం కాదు, మళ్లీ అంటాడు, వేళ్లు చూపిస్తాడు. దారిలో కాఫీ తాగిన చోట ఆయన గర్వంగా అన్నారు: "ఈ దేశంలో నువ్వూ నేనూ ఒకటే. నీకూ తెలియదు, నాకూ తెలియదు." నిజమే. ఆ కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. ఆ సంగతి ఇద్దరికీ కూర్చున్నాకే తెలిసింది.

ఇన్స్‌బ్రుక్ ఇంకా అరగంట ఉందనగా రోడ్డు మీద బళ్లు ఆగిపోయాయి. ఆగిన బళ్లన్నీ ఎవరూ చెప్పకుండానే రెండు పక్కలకూ జరిగి మధ్యలో దారి వదిలాయి. మావారికది ఖాళీ దారిలా కనబడింది. ఆ మధ్యలోకి వెళ్లి, అందరూ ఆగి ఉన్నారని తనూ నిలబెట్టారు. వెనక నుంచి సైరను వస్తోంది. నాకు వినబడుతోంది. ఆయన కిటికీలోంచి కొండ చూస్తున్నారు.

"పక్కకు తీయండి!" అని అరిచాను. నేను అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. ఆయన అద్దంలో చూసి కంగారుగా కుడి పక్కకు తిప్పారు. పక్క కారుకు జానెడు దూరంలో ఆగాం. అంబులెన్సు మమ్మల్ని రాసుకున్నట్టే వెళ్లింది. అందులో ముందు కూర్చున్న మనిషి మావైపు తిరిగి తన చెవి మీద వేలితో రెండుసార్లు కొట్టి చూపించాడు.

ఊరు చేరాం. బస చేసిన ఇంటి ముందు కారు ఆపాక, స్టీరింగు మీద చేతులు ఉంచి, "విన్లేదు" అన్నారు.

అప్పుడు చెప్పాల్సింది. బ్యాగు నా ఒళ్లోనే ఉంది. "పర్లేదులెండి" అన్నాను.

బోల్జానో

కొండ దాటి ఇటలీలో దిగగానే ఎండ మారింది. మా ఎండలా ఉంది. బోల్జానోలో వీధి మధ్య పొడవుగా పండ్ల బజారు. ఒక కొట్టులో ఎండు మిరపకాయలు దండలు గుచ్చి వేలాడదీశారు. గుంటూరు మనిషి కంటికి మిరపకాయ కనబడ్డాక ఇంకేం కనబడదు. ఆయన తిన్నగా వెళ్లి దండలోంచి ఒక కాయ తుంపారు. తొడిమ గిల్లారు. విరిచి వాసన చూసి గింజ నాలుక మీద వేసుకున్నారు. మిరపయార్డులో టిక్కీ బస్తా ముందు నిలబడితే అందరూ చేసేది అదే. కాయను తాకకుండా కొనేవాడిని అక్కడ పిచ్చివాడంటారు.

ఇక్కడ తాకడం తప్పు. పండు కావాలంటే కొట్టావిడే చేతికి తొడుగు వేసుకుని ఇస్తుంది. లోపల నుంచి ఆవిడ కేకలు మొదలెట్టింది. ఎర్రటి ఏప్రను, లావుపాటి చేతులు. ఆయనకు వినబడలేదు. రెండో కాయ తుంపారు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు.

కాయ ఆరిందో లేదో మావైపు అలా చూస్తారు. బాగా ఆరితే లోపల గింజలు గలగలమంటాయి.

"పచ్చిగా ఉంది. ఆరలేదు" అన్నారు నాతో.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. గింజల చప్పుడు నాకు వినబడింది.

ఆవిడ బయటికి వచ్చి ఆయన ముఖం ముందు ప్లాస్టిక్ తొడుగు ఆడించింది. అప్పుడు ఆయన నావైపు చూశారు. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు మాట్లాడాలి. ఇన్నాళ్లూ బజారులో ఆ ఎవరో ఒకరు నేను కాదు. "సారీ, సారీ, ఇండియా, చిల్లీ ఫార్మర్" అని నాకు వచ్చినవన్నీ చెప్పాను. ఆవిడ ఆయన నోటివైపు చూసింది. అంత కారం నమిలి కూడా ఆయన కళ్లలో నీళ్లు రాకపోవడం చూసి, కోపం మరిచిపోయి పక్క కొట్టావిడను పిలిచింది. ఇద్దరూ నిలబడి ఆయన ఇంకో కాయ తినేదాకా చూశారు.

"ఎక్కడి నుంచి?" అని ఇంగ్లీషులో అడిగింది.

"గుంటూరు" అన్నారు ఆయన.

ఆవిడకు తెలియలేదు. మిరపకాయలు అమ్ముకునే మనిషికి గుంటూరు తెలియకపోవడం ఆయనకు పెద్ద దెబ్బ. దారంతా అదే మాట. తుంపిన పాపానికి దండ కొనాల్సి వచ్చింది. ఆ ఎనిమిది యూరోలకు మావైపు రెండు మూడు కిలోలు వస్తాయి.

గార్డా సరస్సు

సరస్సు నీలంగా, శుభ్రంగా, కొంచెం అబద్ధంలా ఉంది. ఒడ్డున ఇసుక లేదు, గులకరాళ్లు. అక్కడి ఆడవాళ్లు, మా అమ్మమ్మ వయసు వాళ్లు కూడా, ఈతబట్టలతో ఎండలో పడుకుని నవలలు చదువుతున్నారు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. నేను చుడీదారుతో నీడలో కూర్చుని నా పుస్తకం తీశాను. అక్కడ అందరికంటే వింతగా కనబడింది నేనే.

భోజనం పిజ్జా. మేము వెంట తెచ్చుకున్న కారప్పొడి చిన్న డబ్బాలోంచి చల్లుకుంటుంటే వడ్డించే కుర్రది వచ్చి, ఇది దేనికి అని అడిగింది. రుచి చూస్తానంది. ఆయన వద్దన్నారు. నేను వద్దన్నాను. వేలితో తీసుకుని నాకింది. తరువాత మా బల్ల దగ్గరికి వేరే అమ్మాయి వచ్చింది.

సాయంత్రం ఆయన ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలో నిలబడ్డారు. నా వైపు వీపు. రేపే శుక్రవారం. నేను ఒడ్డున నిలబడి, పక్కన ఉన్నవాళ్లతో చెబుతున్నంత గొంతుతో, "రేపు అక్కడ మైకులుండవు. మిషన్లు నా దగ్గరున్నాయి. పెట్టుకుంటే వినబడుతుంది" అన్నాను.

మూడు వాక్యాలు. పూర్తిగా అన్నాను. ఆయన కదల్లేదు. చేపపిల్లలు వేళ్ల మధ్య తిరుగుతుంటే చూస్తున్నారు.

చెప్పేశానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రాత్రి ఆయన నిద్రపోయాక మిషన్ల డబ్బా స్నానాల గదిలో ఛార్జింగు పెట్టాను. ఐదు రోజులుగా అదే చేస్తున్నాను.

వెరోనా

ఊరి నడిబొడ్డున రోమన్లు కట్టిన గుండ్రటి రాతి కట్టడం. ఒకప్పుడు అందులో మనుషులు, జంతువులు కొట్టుకుంటుంటే చూసేవారట. ఇప్పుడు పాటలు పాడుతున్నారు. రాతి మెట్లే సీట్లు. పగలంతా ఎండకు కాలిన రాయి రాత్రి ఎనిమిదింటికి కూడా అట్లపెనంలా ఉంది. బయట మెత్తలు అద్దెకిస్తారు. మావైపు నాటకానికి వెళ్లేవాళ్లు ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుంటారని ఆయన గుర్తు చేసుకున్నారు. ఆయన చాలా హుషారుగా ఉన్నారు. పెళ్లికి కుట్టించిన తెల్ల చొక్కా వేసుకున్నారు.

గేటు దగ్గర సంచులు వెతుకుతున్నారు. గాజు సీసాలు లోపలికి పనికిరావు. నా హ్యాండ్‌బ్యాగు తీసుకున్న అతను నీళ్ల సీసా చూశాడు, కారప్పొడి డబ్బా మూత తీసి వెంటనే పెట్టాడు. తరువాత అడుగున ఉన్న నల్ల డబ్బా బయటికి తీసి తెరిచాడు.

రెండు మిషన్లూ పక్కపక్కన చిన్న పచ్చ దీపాలతో వెలుగుతున్నాయి.

అతను వాటిని చూసి తన చెవి చూపించి, తల ఊపి, చాలా జాగ్రత్తగా మూసి నా చేతిలో పెట్టాడు. ఆయన నా పక్కనే ఉన్నారు. నావైపు చూడలేదు. మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. నేను వెనక నడిచాను.

మా చోటు బాగా పైన. చీకటి పడుతుంటే చుట్టూ చిన్న చిన్న కొవ్వొత్తులు వెలిగించారు. అక్కడి ఆచారమట. క్రిస్మస్ ముందు రాత్రి మా చర్చిలో వెలిగించినట్టుంది, కాకపోతే చర్చికి వందరెట్లు. ఆయన కొవ్వొత్తులు చూడలేదు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు, స్తంభాల మీద, గోడల మీద, దేనికోసమో వెతికారు.

"మైకులేవి?"

"లేవు" అన్నాను.

"ఆఁ?"

"లేవు!"

ముందు మెట్టు మీద కూర్చున్న ఆవిడ వెనక్కి తిరిగింది. బూడిదరంగు జుట్టు, ముత్యాల దండ. అప్పుడే గంట మోగింది. ఒక పిల్ల వేదిక మీదికి వచ్చి పళ్లెమంత గంటను కర్రతో కొట్టి వెళ్లింది. వేలమంది ఒక్కసారి నిశ్శబ్దమయ్యారు.

కథ మన నాటకాల లాంటిదే. ఒక రాజు, మాట తప్పిన ఒక సేనాపతి, ఇద్దరి మధ్యా నలిగిపోయే ఒకమ్మాయి. రాజుగారి కిరీటం, గుర్రాలు, నిప్పుల కాగడాలు అన్నీ నిజంవే. గొంతులు ఉత్త గాలిలోనే వచ్చాయి. అంత దూరం నుంచి, ఏ తీగా లేకుండా, ఒక మనిషి గొంతు నా దగ్గరికి నడిచి వచ్చినట్టు వచ్చింది. పక్కకు చూశాను. ఆయన ముందుకు వంగి, పాడేవాళ్ల నోళ్లు చూస్తున్నారు.

"ఏమంటోంది?" అన్నారు.

నా దగ్గర కథ రాసిన కాగితం ఉంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. మా ఇంట్లో చెప్పే గొంతుతోనే చెప్పాను, వేరే గొంతుతో చెబితే వినబడదు.

"ష్‌!" అంది ముత్యాల దండ ఆవిడ.

కొంచెం సేపయ్యాక, "వాడెందుకు కత్తి దింపాడు?"

చెప్పాను. ఈసారి వెనక నుంచి ఒకాయన నా భుజం మీద వేలితో తట్టాడు. పక్క వరుసలో ఇద్దరు తిరిగి చూశారు. చర్చిలో ఆలస్యంగా వెళితే వెనక వరుసలోనే నిలబడిపోయే మనిషిని నేను. చెవుల దాకా వేడెక్కింది.

"పాట ఆమెదా, రాజుదా?"

నేను మాట్లాడలేదు.

"కరుణా. ఎవరిదీ పాట?"

కాగితం ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు. తరువాత ముందావిడను చూశారు. ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుని నన్నే చూస్తోంది. ఆయనను కాదు. ఆయన వెనక్కి తిరిగి భుజం తట్టిన మనిషిని కూడా చూశారు.

"నిన్నా?" అన్నారు. ఆ ఒక్క మాట మాత్రం ఎంతో చిన్నగా అన్నారు.

తల ఊపాను.

ఆయన అరచెయ్యి చాపారు. డబ్బా తీసి ఇచ్చాను. చీకట్లో తడుముకుంటూ ఎడమది, తరువాత కుడిది పెట్టుకున్నారు. ముఖం చిట్లించారు. ఎక్కడో కాగితం నలిగినా, ఎవరు దగ్గినా ఉలిక్కిపడి అటు తిరుగుతున్నారు. "ఇంత గోలేంటి?" అన్నారు. నాకు అక్కడ ఏ గోలా వినబడలేదు. మెత్త సర్దుకున్న చప్పుడు, విసనకర్రల చప్పుడు, అంతే.

తరువాత ఆ అమ్మాయి ఒక్కతే వేదిక మీద మిగిలింది. వెనక వాయిద్యాలు దాదాపు ఆగిపోయాయి. చాలా సన్నగా మొదలుపెట్టింది. ఆయన కదలడం మానేశారు.

"మధ్యలో ఊపిరి తీసుకోవడం వినబడుతోంది" అన్నారు కాసేపటికి, నాకు మాత్రమే వినబడేట్టు.

పాట చివర ఆమె ఒక స్వరం ఎత్తి, తగ్గించి, ఇంకా తగ్గించి, ఉందో లేదో తెలియనంత చేసి వదిలింది. ఆయన మోచేత్తో ముఖం తుడుచుకోవడం చూశాను. అంతలో చప్పట్లు. ఆయన లేచి నిలబడి, దర్శి వైపు తిరునాళ్లలో లేచి అరిచినట్టే, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచారు:

"వన్స్ మోర్!"

మావైపు పద్యం బాగుంటే జనం అలా అరుస్తారు. నటుడు మళ్లీ అందుకుంటాడు. చచ్చిపోతున్న పాత్రయినా సరే లేచి ఇంకోసారి పాడి మళ్లీ చచ్చిపోతుంది. తన కేక తన చెవిలోనే పేలినట్టయి ఆయన బెదిరి కూర్చున్నారు. ముత్యాల దండ ఆవిడ వెనక్కి తిరిగింది. అయిపోయింది అనుకున్నాను. ఆవిడ లేచి, వేదిక వైపు తిరిగి, "బిస్! బిస్!" అని ఆయన కంటే గట్టిగా అరిచింది. దాని అర్థం కూడా అదేనని భుజం తట్టినాయన తరువాత చెప్పాడు.

ఆమె మాత్రం మళ్లీ పాడలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి, అలాగే నిలబడింది.

"పాడదా?" అన్నారు ఆయన.

"ఇక్కడ పాడరేమో."

"మా పెదనాన్నయితే ఈపాటికి హార్మోనియం పెట్టె అందుకునేవాడు."

ఆట అయ్యేసరికి పన్నెండు దాటింది. కారు దగ్గరికి నడుస్తూ నేను, "ఎడమ పక్క సందు!" అన్నాను.

"ఎందుకలా అరుస్తావ్?"

ఆగిపోయాను. పద్నాలుగు నెలలుగా నేను ఈ మనిషితో అరుస్తూనే ఉన్నాను.

"అలవాటైపోయింది" అన్నాను, గొంతు తగ్గించి. ఆయన తల తిప్పి నావైపు చూశారు. కొంచెం సేపు అలాగే చూస్తూ నడిచారు.

"ఎప్పట్నుంచి బ్యాగులో ఉన్నాయి?"

"నల్లపాడు నుంచి."

"మైకుండదని ఎప్పుడు తెలుసు?"

"ఆదివారం. వదిన చెప్పింది. నేను కూడా మీకు చెప్పాను, నిన్న సరస్సు దగ్గర. మీరు అటు తిరిగి ఉన్నప్పుడు."

రెండు సందులు దాటాం. తరువాత నవ్వడం మొదలుపెట్టారు. కారు తాళం తీస్తూ కూడా నవ్వుతూనే ఉన్నారు.

శనివారం ఉదయం

రాసేటప్పుడు రాసినదాన్ని పైకి చదువుకోవడం నాకు అలవాటు. హాస్టల్లో దానికి గదిలో అమ్మాయిల చేత తిట్లు తిన్నాను. పెళ్లయ్యాక ఆ ఇబ్బంది లేకుండా పోయింది. ఆయన పక్కనే పడుకుని ఉండగా రోజూ నా డైరీ అంతా, ఆయన మీద రాసినవి కూడా, పైకే చదువుకునేదాన్ని.

ఆ ఉదయం కూడా కిటికీ దగ్గర కూర్చుని ముందు రాత్రి సంగతులు రాస్తున్నాను. కింద వీధిలో ఎవరో కొట్టు తలుపు ఎత్తుతున్నారు. ఆమె పాట దగ్గరికి వచ్చాను. 'ఆయన ఏడ్చారు' అని రాసి, చదువుకున్నాను.

"నేనేం ఏడవలేదు."

తిరిగి చూశాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. చెవి వెనక మిషను అలాగే ఉంది. తియ్యకుండానే నిద్రపోయినట్టున్నారు.

"ఎక్కడ్నుంచి వింటున్నారు?"

"గేటు దగ్గర సంచి వెతికిన దగ్గర్నుంచి. అది చెమట. రాయి వేడికి పట్టింది."

"ఏడ్చారు" అన్నాను. అరవలేదు. మామూలుగానే అన్నాను.

ఆయన దుప్పటి మెడదాకా లాక్కున్నారు. మళ్లీ నిద్రపోయారనుకుని కలం తీశాను.

"సరే, అది ఉంచుకో" అన్నారు గోడవైపు నుంచి. "రెండోసారిది మాత్రం రాయకు."

రెండోసారి నేను చూడనే లేదు.